ఇంజన్ పైకి, క్రాస్ మెంబర్ కిందికి... అదీ అవసరమైతేనే

ప్రశ్న: అన్నా, మాది హనుమకొండ. మా బాపు సింగరేణిల పనిచేసి భూపాలపల్లి గనిలోంచి రిటైరైండు. ఆ పైసలతోనే 2012 మోడల్ డీజిల్ స్విఫ్ట్ సెకండ్ హ్యాండ్ల కొన్నడు. 2023 జూలై చివర్ల నయీంనగర్ నాలా పొంగిన రోజు బండి నీళ్లల్ల ఆగిపోయింది. నేనే రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టిన. టక్కుమని పట్టేసింది. గుంజుకొచ్చేటప్పుడు ముందు భాగం డివైడర్ దిమ్మెకు తగిలింది. ఇంజన్ దించాలె, కింద క్రాస్ మెంబర్, అంటే ముందు చక్రాల నడుమ అడ్డంగ ఉండే ఇనుప దూలం, వంగింది, అది గూడ మార్చాలె అని మెకానిక్ అన్నడు. ఆ ఖర్చు ఇప్పుడు మాతోని కాదు. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ మాత్రమే. తొమ్మిది నెలల సంది బండి పోర్చులనే ఉన్నది. నేను ఐటీఐల డీజిల్ మెకానిక్ చేసిన. ఇద్దరు దోస్తులను పెట్టుకొని ఇంటికాడనే దించుదామనుకుంటున్న. పోర్చు స్లాబుకు ఫ్యాన్ కొండి ఉన్నది, దానికి చైన్ పుల్లీ కడితే ఆగుతదా? ఇంజన్ పైకి తీయాల్నా, క్రాస్ మెంబర్‌తోని కలిపి కిందికి దించాల్నా? క్రాస్ మెంబర్ విప్పితే బండి కూలబడుతదా? బాపు వద్దే వద్దంటున్నడు.

జవాబు: తమ్ముడూ, ముందు కొండి సంగతి. ఆగదు. ఆ కొండిని ఆరు కిలోల ఫ్యాన్ కోసం పెట్టారు. నీ ఇంజన్, గేర్‌బాక్స్ కలిపితే రెండు క్వింటాళ్లకు కొంచెం అటూ ఇటుగా ఉంటుంది. పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది ఒకే కొండికి వేలాడుతున్నాయనుకో. పైగా చైన్ గుంజే కొద్దీ బరువు నిలకడగా ఉండదు, ఊగుతుంది. స్లాబులో ఆ కడ్డీని ఎట్లా కట్టారో, కట్టారో లేదో మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. పోర్చు స్లాబు చాలా ఇళ్లలో ఒక వైపే గోడ మీద ఆనుకొని ముందుకు చాచి ఉంటుంది, దాని కొసకు బరువు కట్టడం ఇంకా చెడ్డది. వేప కొమ్మ, ఇనుప గేటు దూలం, రెండు నిచ్చెనల మీద వేసిన పైపు, వీటికి కూడా ఇదే జవాబు.

నేను పని నేర్చుకునే రోజుల్లో కాజీపేటలో ఒక షెడ్డులో అంబాసిడర్ ఇంజన్‌ను ఇట్లాగే స్లాబు కొండికి కట్టి లేపాం. బానెట్ అంచు దాటిందో లేదో, కొండి పెచ్చుతో సహా ఊడొచ్చింది. నాతో పాటు పని నేర్చుకుంటున్న పిల్లవాడికి రెండు కాలివేళ్లు పోయాయి. ఆ రోజు వాడు నేను నిలబడమన్న చోటే నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు దాటింది, ఇప్పటికీ ఎవరైనా కొండి అంటే నా చెయ్యి ముందు వద్దు అనే లేస్తుంది. అందుకే మీ బాపు మాట పిరికితనం అనుకోకు. బొగ్గు గనిలో ఆధారం పెట్టని కప్పు కింద కాలు పెట్టొద్దన్నది మొదటి రోజే నేర్పే పాఠం. ఆయన వద్దంటున్నది బండిని కాదు, ఆ కొండిని.

ఇప్పుడు అసలు విషయం. ఇంజన్ దించాలని ఎవరు తేల్చారు? పట్టేసిందని మెకానిక్ అన్నాడు, నిజమే కావచ్చు. కానీ విప్పి చూడకుండా తేల్చే సంగతి కాదు అది. నీ ఇంజన్ 1248 సీసీ, నాలుగు సిలిండర్లు. అంటే సిలిండర్‌కు 312 సీసీ. డీజిల్ ఇంజన్ ఆ గాలిని పదిహేడు రెట్లకు పైగా నొక్కుతుంది. పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు దాదాపు 19 సీసీ, అంటే నాలుగు టీ చెంచాలు. అంతకు మించి నీళ్లు లోపలికి పోతే పిస్టన్‌కు పైకి పోవడానికి దారి ఉండదు. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. ఇంజన్ రన్నింగ్‌లో ఉండగా నీళ్లు పీలిస్తే ఆ ఊపుకు కనెక్టింగ్ రాడ్డు (పిస్టన్‌ను కింది క్రాంకుకు కలిపే కడ్డీ) వంగుతుంది. ఆగిన తర్వాత సెల్ఫ్ కొడితే కొన్నిసార్లు వంగుతుంది, కొన్నిసార్లు సెల్ఫ్ మోటారే ఓడిపోయి ఆగుతుంది. నీ టక్కు రెండోదై ఉంటే నువ్వు అదృష్టవంతుడివి. నీళ్లలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టడమే అన్నిటికన్నా పెద్ద తప్పు, ఇది చదివే మిగతావాళ్లు కూడా గుర్తు పెట్టుకోవాలి.

కాబట్టి మొదటి ఆదివారం ఇంజన్ జోలికి పోకు. బ్యాటరీ నెగటివ్ తీసెయ్. డిప్ స్టిక్ తీసి చూడు, ఆయిల్ పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు కిందికి దిగాయి, దాన్ని పూర్తిగా దించెయ్. నాలుగు గ్లో ప్లగ్గులూ (స్టార్టింగ్‌కు సిలిండర్‌ను వేడి చేసేవి) జాగ్రత్తగా విప్పు. తొమ్మిది నెలలు తడిలో ఉన్నాయి కాబట్టి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి పెట్టుకో, మొండికేస్తే బలం చూపించకు. ప్లగ్గు విరిగి హెడ్డులో, అంటే సిలిండర్ల పైమూతలో, ఉండిపోతే అది వేరే కథ అవుతుంది. ఆ రంధ్రాల్లోంచి ప్రతి సిలిండర్‌లో కాస్త పలుచని ఆయిల్ పోసి ఒక రోజు నాననివ్వు, రింగులు గోడలకు పట్టుకొని ఉంటాయి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ పానా వేసి, ఇంజన్ తిరిగే దిక్కుకే చేత్తో మెల్లగా తిప్పు. పొడవాటి పైపు తగిలించి గుంజొద్దు. ప్లగ్గు రంధ్రాల మీద మొహం పెట్టొద్దు, నీళ్లు ఉంటే పిచికారీ లాగా వస్తాయి.

రెండు చుట్లు నున్నగా తిరిగితే చాలావరకు గెలిచినట్టే. ఇక రాడ్డు వంగిందా లేదా అన్నది కంప్రెషన్ గేజీ (సిలిండర్‌లో గాలి ఎంత నలుగుతుందో చూపే మీటరు) చెబుతుంది. మూడు సిలిండర్లు ఒక తీరుగా ఉండి ఒక్కటి బాగా తక్కువ చూపిస్తే ఆ రాడ్డు కురచైందని అనుమానించాలి. ఒక చోట గట్టిగా తగిలి ఆగితే, లేదా కటకటమంటే, అప్పుడు దించాల్సిందే. హెడ్డు, సంపు (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) తీసి ఇంజన్ బండిలో ఉండగానే రాడ్డు మార్చే మిస్త్రీలు ఉన్నారు. నాలా నీళ్లు తాగిన ఇంజన్‌కు నేను దాన్ని ఒప్పుకోను. బేరింగులలో, ఆయిల్ దారుల్లో బురద ఉంటుంది. అది కడగాలంటే బయటికి రావాల్సిందే.

క్రాస్ మెంబర్ కూడా అంతే. వంగిందని కంటితో చెప్పడం సులభం, కొలిచి చూడు. మీ పోర్చు నేల చదునుగా ఉంటే మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు వేలాడదీసే గుండు ఒకటి తెచ్చుకో. బాడీకి క్రాస్ మెంబర్ బిగించిన బోల్టుల దగ్గర, లోయర్ ఆర్ములు (ముందు చక్రాలను కిందినుంచి పట్టి ఉంచే చేతులు) కూర్చునే చోట్ల కుడి ఎడమలుగా దారం వదిలి, గుండు మొన తగిలిన చోట నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టు. ఐమూలగా రెండు కొలతలూ టేపుతో తీస్తే ఒకటే రావాలి. నాలుగైదు మిల్లీమీటర్ల తేడాకు నీ చెయ్యి వణుకు కారణం కావచ్చు, మళ్లీ కొలువు. వేలెడంత తేడా వస్తే మెకానిక్ చెప్పింది నిజం. అప్పుడు మంట పెట్టి వంపు తీస్తాం, పగులు ఉంటే వెల్డింగ్ కొడతాం అని ఎవరన్నా ఒప్పుకోకు. రెండు ముందు చక్రాల ఆర్ములు, స్టీరింగ్ రాక్, స్టెబిలైజర్ రాడ్డు, ఇంజన్ వెనక ఫౌండేషన్ (ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మె), అన్నీ ఆ ఒక్క ఇనుము మీదే కూర్చున్నాయి. తక్కువ ధరలో కావాలంటే వరంగల్ ఆటోనగర్‌లో పాతది వెతుక్కో, కానీ దాన్నీ ఇదే తీరుగా కొలిచి తెచ్చుకో. వెనక నుంచి గుద్దుకొని స్క్రాపుకు పోయిన బండిది అయితే ముందు భాగం బాగుంటుంది.

ఈ రెండు పరీక్షల తర్వాత నీ పని సగానికి తగ్గిపోవచ్చు. ఇంజన్ తిరిగి, క్రాస్ మెంబర్ ఒక్కటే వంగిందనుకో. దాని కోసం ఇంజన్ దించక్కర్లేదు. నీ బండిలో ఇంజన్, గేర్‌బాక్స్ బరువు మోసేది బాడీకి కుడి ఎడమలున్న రెండు ఫౌండేషన్లు. క్రాస్ మెంబర్ మీద ఉన్న మూడోది ఇంజన్ ముందుకూ వెనక్కూ ఊగకుండా పట్టి ఉంచుతుంది. దాన్ని విప్పితే ఇంజన్ కింద పడదు గానీ ఉయ్యాల లాగా కదులుతుంది. కదలకుండా బానెట్ కింద రెండు పక్కల మడ్‌గార్డు గట్ల మీద ఆనే సపోర్ట్ బార్ వేసి, ఇంజన్‌కున్న లిఫ్టింగ్ కొక్కేలకు గొలుసు తగిలించి బిగించాలి. ఆ బార్ కిరాయికి దొరుకుతుంది.

బండి కూలబడుతుందా అని అడిగావు. జాకీ ఎక్కడ పెట్టావన్న దాని మీద ఉంటుంది. క్రాస్ మెంబర్ కిందే జాకీ పెట్టి బండి లేపి, అదే క్రాస్ మెంబర్ విప్పితే కూలక ఏం చేస్తుంది? బరువంతా తలుపుల కింద అంచులో కంపెనీ గుర్తు పెట్టిన చోట్ల, స్టాండ్ల మీద ఉండాలి. జాకీ లేపడానికే, నిలబెట్టడానికి కాదు. ఇటుకలు అసలు వద్దు, బరువు కింద ఇటుక ముందుగా చెప్పకుండా పొడైపోతుంది. విప్పిన రెండు చక్రాలనూ పక్కన పెట్టకుండా బండి తలుపుల కింది అంచుల కింద పడుకోబెట్టు. స్టాండు జారినా బాడీ చక్రం మీద ఆగుతుంది, మనిషికి సందు మిగులుతుంది. వెనక చక్రాలకు ముందూ వెనకా మొద్దులు. మీ పోర్చులో తాండూరు బండలు పరిచి ఉంటే ఇంకో మాట. బండ కింద ఎక్కడైనా బోలు ఉంటే స్టాండు కాలు కింద టప్పున పగిలి కుంగుతుంది. సుత్తితో తట్టి చప్పుడు విను. డొల్ల చప్పుడు వచ్చిన చోట స్టాండు పెట్టకు. మిగతా చోట్ల కూడా కింద మందపాటి ప్లైవుడ్ ముక్కో, ఇనుప రేకో వెయ్యి.

ఇక ఇంజన్ దించాల్సిందే అని తేలితే, పైకా కిందికా? కంపెనీ వర్క్‌షాపులో ఇంజన్, గేర్‌బాక్స్, క్రాస్ మెంబర్ మూడూ ఒకటిగా కిందికి దించి, పైన బాడీని లిఫ్టుతో లేపేస్తారు. చూడ్డానికి చక్కగా ఉంటుంది. ఇంటి దగ్గర వద్దు. ఆ ముద్ద మొత్తం బయటికి జారాలంటే బండి ముక్కు దాదాపు మూడడుగులు లేవాలి. ఇంట్లో వాడే స్టాండ్లు అంత ఎత్తు రావు, వచ్చినా ఆ ఎత్తులో బండి ఒక్క తోపుకు పక్కకు పోతుంది. నీకు ఇంజన్ పైకే రావాలి, క్రాస్ మెంబర్ తర్వాత విడిగా కిందికి.

దానికి చక్రాల మీద నడిచే ఇంజన్ క్రేన్ ఒక రోజు కిరాయికి తెచ్చుకో. రెండు టన్నుల క్రేన్ అని రాసి ఉన్నా, చెయ్యి పొడవు చాచే కొద్దీ అది మోసే బరువు తగ్గుతుంది. ఏ రంధ్రం దగ్గర ఎంతో ఆ చేతి మీదే రాసి ఉంటుంది, చదువు. దాని కాళ్లు బండి కిందికి దూరాలి కాబట్టి ముందు భాగం కాస్త లేపి స్టాండ్ల మీద పెట్టాల్సిందే. నేల వాలుగా ఉంటే క్రేన్ పనికిరాదు, బరువుతో సహా అదే నడుస్తుంది. గేటు దగ్గర ర్యాంపు మీద కాకుండా లోపలికి తోసుకో.

బండి ఇంకా చక్రాల మీద ఉన్నప్పుడే చేయాల్సింది ఒకటుంది. ముందు చక్రాలు రెండింటిలో ఒక్కోదాని నడిమధ్యన యాక్సిల్ నట్టు ఉంటుంది కదా, ఒకరిని బ్రేకు తొక్కి కూర్చోబెట్టి అది అప్పుడే వదులు చెయ్. బండి స్టాండ్లెక్కాక పొడుగు పైపుతో దాని మీద బలం పెడితే మొత్తం బండి ఊగుతుంది. ఇట్లా గట్టి బోల్టు ఒక్కసారిగా వదిలినప్పుడే ప్రమాదాలు జరుగుతాయి.

తర్వాత కూలెంట్, ఇంజన్ ఆయిల్, గేర్ ఆయిల్ మూడూ దించెయ్. గేర్ ఆయిల్ మరిచిపోయి డ్రైవ్ షాఫ్టు (గేర్‌బాక్స్ నుంచి చక్రానికి పోయే కడ్డీ) గుంజితే నీ మొహం మీదే పోస్తుంది. దించిన ఆయిల్ డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకే ఇవ్వు, నాలాలో పోయకు. ఏసీ పైపులు విప్పొద్దు. కంప్రెసర్‌ను మాత్రం బోల్టులు తీసి, పైపులతో సహా పక్కకు జరిపి తాడుతో కట్టు. గ్యాస్ లోపలే ఉంటుంది, గాలిలోకి వదలడం తప్పు, చేతికి తగిలితే మంచు కాటు కూడా. డీజిల్ కామన్ రైల్ ఇంజన్ నడిచేటప్పుడు ఆ సన్న పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్ పైకి కూడా పోతుంది. నీది నెలల తరబడి నడవలేదు కాబట్టి ఆ భయం లేదు, కానీ విప్పిన ప్రతి పైపు మూతికీ వెంటనే శుభ్రమైన టోపీ తొడుగు. కంటికి కనబడని దుమ్ము చాలు ఇంజెక్టర్ పాడవడానికి.

వైరింగ్ దగ్గర తొందర వద్దు. ప్రతి సాకెట్ విప్పే ముందు ఫోన్‌లో ఫోటో, విప్పాక రెండు కొసలకూ తెల్ల ప్లాస్టర్ మీద ఒకే అంకె. బోల్టులకు నా పద్ధతి పాత పెళ్లి కార్డు అట్టలు. అట్ట మీద ఆ భాగం బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చెయ్. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో బిగిస్తే గేర్‌బాక్స్ కేసింగ్ పగిలిన బండ్లు చూశాను.

డ్రైవ్ షాఫ్టులు తీయడానికి లోయర్ ఆర్ము బాల్ జాయింటు విప్పాలి. దాన్ని పట్టి ఉంచే బోల్టు వదులు చేస్తే సరిపోదు, పూర్తిగా బయటికి తీయాలి. బాల్ జాయింటు కాడకు గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలో అడ్డంగా కూర్చుంటుంది. ఇది తెలియక గడ్డపారతో గంటసేపు పొడిచేవాళ్లు ఉన్నారు. షాఫ్టును మాత్రం చేత్తో పట్టి గుంజకు, రబ్బరు బూటు లోపల జాయింటు విడిపోతుంది. గేర్‌బాక్స్ దగ్గర జాయింటు మొదట్లోనే లీవర్ పెట్టి తన్ను, టప్పుమని వస్తుంది.

బ్యాటరీ, దాని పళ్లెం, ఎయిర్ ఫిల్టర్ పెట్టె, రేడియేటర్, ఫ్యాన్ ముందే తీసేస్తే ఇంజన్‌ను వంచి లేపడానికి చోటు దొరుకుతుంది. అప్పటికీ కోణం కుదరకపోతే గేర్‌బాక్స్‌ను విడదీసి కిందినుంచి జాకీ మీద దించి, ఇంజన్ ఒక్కటే పైకి తియ్యి. గొలుసు ఇంజన్‌కు కంపెనీ పెట్టిన కొక్కేలకే తగిలించు. కొబ్బరి తాడు, నైలాన్ తాడు, బండ్లు గుంజే పట్టీ ఏదీ వద్దు. గొలుసు బిగిసి బరువు అందుకున్న తర్వాతే ఫౌండేషన్ బోల్టులు.

ఇక లేపేటప్పుడు ఒక్కరే మాట చెప్పాలి, ఆ ఒక్కరు మీ బాపు. గనిలో సైగ లేకుండా హాలేజీ (బొగ్గు బండ్లను గుంజే తాడు యంత్రం) కదలదని ఆయనకు నువ్వు చెప్పాల్సిన పని లేదు. క్రేన్ పిడి నీ చేతిలో, ఒక దోస్తు ఇంజన్ ఊగకుండా పక్కనుంచి పట్టుకుంటాడు, ఇంకొకడు ఏమీ పట్టుకోకుండా చుట్టూ చూస్తాడు. నాలుగు వేళ్ల ఎత్తు లేపి ఆగు. ఇంజన్‌తో పాటు బండి ముక్కు కూడా లేస్తుంటే ఇంకా ఏదో పట్టుకొని ఉన్నట్టు. చాలాసార్లు అది ఎర్త్ వైరు, లేదంటే వెనకాల హీటర్ పైపు, గేరు కేబుల్. వెతికి విప్పు, లాగకు. బానెట్ అంచు దాటిన క్షణం నుంచి ఇంజన్‌ను పైన ఉంచకు. బండి స్టాండ్ల మీద ఉంది కాబట్టి దాన్ని తోయొద్దు. క్రేన్‌నే మెల్లగా బండి ముక్కు దాటేంత వెనక్కి లాగి, వెంటనే ఇంజన్‌ను మోకాలి ఎత్తుకు దించి, ఆ తర్వాతే క్రేన్‌ను దూరం నడిపించు. పాత టైరు మీద కూర్చోబెట్టు. ఆ సమయంలో పక్కింటి పిల్లలు గేటు బయటే ఉండాలి.

ఎండాకాలం కాబట్టి ఈ ఎత్తే పని పొద్దున తొమ్మిదిలోపు ముగించు. ఏప్రిల్, మే ఎండలో మన దగ్గర ఇనుము చేతికి కాలుతుంది, చెమటతో పానా జారుతుంది, మనిషికి కోపం వస్తుంది. మధ్యాహ్నం విప్పడానికి చిన్న చిన్న బోల్టులు చాలా మిగిలే ఉంటాయి.

ఇంజన్ పోయాక క్రాస్ మెంబర్ తేలికే. స్టీరింగ్‌ను నేరుగా పెట్టి సీటు బెల్టుతో కట్టెయ్. రాక్ నుంచి విడదీశాక స్టీరింగ్ ఇష్టం వచ్చినట్టు తిరిగితే, ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో దాని కింద ఉండే రిబ్బన్ తీగ తెగుతుంది. పెడళ్ల దగ్గరున్న స్టీరింగ్ జాయింటుకూ, రాక్ కాడకూ కలిపి ఒక గీత పెయింటు పెట్టు, మళ్లీ అదే పన్నుకు కూర్చోవాలి. క్రాస్ మెంబర్ బోల్టుల చుట్టూ కూడా బాడీ మీద గుర్తులు పెట్టు. కింద జాకీ, జాకీ మీద వెడల్పు చెక్క. బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా తీసేయకుండా అన్నీ సగం సగం వదులు చేసి, జాకీ మీద బరువు కూర్చున్నాక తియ్యి.

బిగించేటప్పుడు చాలామంది ఎగరగొట్టేసే పని ఒకటి చెబుతాను. లోయర్ ఆర్ము బుష్ బోల్టులను బండి గాలిలో ఉన్నప్పుడు చివరి బిగింపు బిగించొద్దు. చక్రాలు నేల మీద ఆని బరువు పడ్డాక బిగించాలి. లేకపోతే బుష్ రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి కొద్ది నెలల్లోనే చిరుగుతుంది. క్రాస్ మెంబర్ బోల్టులు, యాక్సిల్ నట్లు కొత్తవి వెయ్యి, టార్క్ రెంచీ అరువు తెచ్చి కంపెనీ లెక్క ప్రకారం బిగించు. తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించకుండా రోడ్డెక్కకు.

ఇంజన్ బాగుచేయడానికి కాకుండా వేరే ఇంజన్ వేయాలనుకుంటే కాగితం పని ఉంది. ఇంజన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అది మారితే ఆర్‌టీఏలో ఎక్కించాలి. బిల్లు లేని ఇంజన్ ఎంత అగ్గువకు వచ్చినా తేకు, అది ఎవరి బండిలోంచి వచ్చిందో నీకు తెలియదు.

క్రేన్ కిరాయి ఇప్పుడే మాట్లాడకు. ప్లగ్గులు విప్పి, క్రాంక్ తిప్పి చూడు. ఎక్కడిదాకా తిరిగి ఆగింది, ఏ సిలిండర్‌లోంచి నీళ్లొచ్చాయి, ఐమూల కొలతలు ఎంతెంత వచ్చాయి, ఇవి రాసి పంపు. మిగతాది దాన్ని బట్టి చెబుతాను. ఈ జవాబు మీ బాపుకు చదివి వినిపించు, కొండి గురించి రాసింది మొదట.